భవన నిర్మాణము – సమాజ నిర్మాణము

(మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



భవనములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరినారు. మేము వాస్తుశాస్త్రవేత్తలము గాము, ఇంజనీరులమును గాము. అయినను ఇది ఇంజనీరులకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము గాదని తలంచి ఈ వేదికమీదికి వచ్చితిమి. మన సంఘమునకు నివేశనస్థలము సమకూడినది. భవననిధికి విరాళములు వచ్చుచున్నవి. ఆ స్థలమున కల్యాణమండపము కట్టవలెనని కొందఱు, విద్యార్థి వసతిగృహము కట్టవలెనని కొందఱు, వీథివైపున దుకాణములు కట్టి అద్దెలకిచ్చి తక్కిన సంగతి పిమ్మట చూచుకొనవచ్చునని మఱికొందఱు చెప్పుచున్నారు. ఈ మూడు అభిప్రాయములును రేపటి విషయనిర్ణయసభలో మీ యెదుటికి రాగలవు. మేస్త్రీ దారము లాగి ముగ్గు పోయకముందే, కట్టిన గోడలు మనుష్యులను ఏమి చేయునో ఒక్కసారి యోచించుట యుక్తమని మా మనవి.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఈ రెండు కార్యములను ఒక్క సామెతలో చేర్చినారు. ఖర్చును, శ్రమను తలంచి అట్లు చేర్చిరనుట నిజమే. కాని రెంటికిని మఱియొక సామ్యము గలదు. ఎవరు ఎవరితో కూడి బ్రతుకవలెనో పెండ్లి నిర్ణయించును. ఇల్లును అట్లే నిర్ణయించును. పెండ్లి మాట అందఱకును తెలియును. ఇంటి మాట తెలిసినను మనము పైకి చెప్పుకొనము.

మన పాత ఇండ్లను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. వీథివైపున అరుగు, అరుగు దాటిన వసారా, దానికి లోపల నడుమ ఆకాశము కనబడు మండువా, అటుపిమ్మట వంటయిల్లు, వెనుక పెరడు. బాటసారి యెవరైనను అరుగుమీద కొంతసేపు కూర్చుండి దాహము పుచ్చుకొనవచ్చును. పాలేరు వాకిటనే నిలువబడి యజమానితో మాటలాడవలెను. సాటి గృహస్థు వసారాలోనికి వచ్చును. బంధువు మండువాలో పీటమీద కూర్చుండును. వంటయింటి గడప దాటువారు మిగుల కొలదిమంది. ఏ గడపవద్ద ఎవరు ఆగవలెనో వ్రాసిన పలక ఎచ్చటను లేదు. చెప్పవలసిన పనియును లేదు. ఐదేండ్ల బాలుడు ఆ యింటిలో ఆడుకొనుచునే మనవారెవరో, పైవారెవరో, ఎవరిని ఏ దూరమున నిలుపవలెనో నేర్చుకొనెడివాడు. పెద్దబాలశిక్ష చేతబట్టకముందే ఈ పాఠము వానికి కంఠస్థము. ఆడపిల్ల మఱియొక పాఠము నేర్చుకొనెడిది: వీథి అరుగు మగవారిది, పెరటి నూయి తనది.

ఇంటిలో గడపలు చేసిన పనినే ఊరిలో వీథులు చేసినవి. అగ్రహారము వేఱు, కాపులవీథి వేఱు, సాలెలవీథి వేఱు. ఊరి వెలుపల మాలపల్లె, మాదిగగూడెము. మంచినీళ్లనూయి ఎచ్చట త్రవ్వబడెనో చూచిన యెడల ఆ యూరిలో ఎవరి మాట చెల్లెనో తెలియును. తెలంగాణమునందు గడీలు వెలసినవి. ఎత్తైన గోడ, బురుజులు, పెద్ద దర్వాజా. ఆ దర్వాజా ముందునుండి పోవు రైతు చెప్పులు విడిచి చేతబట్టుకొని పోవలసిన దినములు గలవు. దొర బయటికి రానక్కఱలేదు. గోడయే ఆజ్ఞ యిచ్చుచుండెను.

ఇట్లు చెప్పుటచే పాత కట్టడములన్నియు చెడ్డవని మా తాత్పర్యము గాదు. మండువా లోగిలిలో పది మంది పిల్లలు ఒక్క వెలుగులో పెరిగిరి. రచ్చబండమీద ఊరి తగవులు తీరినవి. ఇటుకయు సున్నమును గుణదోషములు లేని వస్తువులు. వానిని పేర్చినవాని మనస్సు వానిలో నిలిచిపోవును. పేర్చినవాడు పోయిన పిమ్మటను ఆ గోడ వాని మాటనే చెప్పుచుండును. కావుననే భవనమును కట్టుటయందు ఇంత జాగ్రత్త వలయును.

ఇక పట్టణముల సంగతి. మన దేశమున హైదరాబాదు నగరమును చూతము. 1591లో చార్మినారు కట్టబడినది. దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గములు, వాని వెంబడి అంగళ్లు. వీథి వీథికి ఒక్కొక్క కులమున్న పల్లెనుండి వచ్చినవానికి ఈ నడిబజారు క్రొత్త లోకము. కొనువాడు, అమ్మువాడు, నమాజునకు పోవువాడు, గాజులు బేరమాడు పల్లెపడుచు అందఱును ఒక్క నేలమీద నడచిరి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు పిమ్మట 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడెను. నదీతీరములు చక్కబడినవి. మూసీ యొక తీరమున 1920లో హైకోర్టు భవనమును, రెండవ తీరమున 1925లో ఉస్మానియా ఆసుపత్రియును వెలసినవి. గుమ్మటములు గల ఆ గొప్ప కట్టడములను చూచి మనము గర్వించుచున్నాము. కాని గర్వింపవలసినది గుమ్మటములకంటె వాని తలుపులను చూచియని మాకు తోచును. జ్వరము తగిలినవాడు కులము చెప్పకుండ లోపలికి పోగలిగిన గొప్ప భవనములు అంతకుముందు మన ప్రజలెన్నింటిని చూచిరి?

అయితే క్రొత్త కట్టడమనగానే క్రొత్త బుద్ధి కలుగుననియు తలంపరాదు. రైలుబండి అందఱిని ఒక్క పెట్టెలో కూర్చుండబెట్టెనని పెద్దలు సంతసించిరి. కాని 20వ శతాబ్దపు పూర్వార్ధమున అదే రైలుస్టేషనులో హిందువులకొక మంచినీళ్లకుండ, ముస్లిములకొక కుండ యుండెను. దక్షిణదేశపు స్టేషను భోజనశాలలలో బ్రాహ్మణులకు వేఱుగా గది యుండెను. పాత వంటయింటి గడప రైలెక్కి పట్టణమునకు వచ్చినదన్నమాట. భవనము క్రొత్తదైనను అందలి గడపలను తీయవలెనను సంకల్పము కట్టించువానికే యుండవలెను.

అట్టి సంకల్పము గలవారు మన ఆంధ్రదేశమున లేకపోలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ కాలమున అట్టి పనికి పూనుకొన్నవారికి బంధువుల యిండ్లు మూతబడినవి, దేవాలయములు మూతబడినవి. క్రొత్త మాట చెప్పుటకు నోరుండిన చాలదు, నిలువబడుటకు చోటుండవలెనని వారికి అనుభవపూర్వకముగా తెలిసెను. 1890లో వారు ఆ పట్టణమున పురమందిరమును నిర్మింపజేసిరి. అది దేవాలయము గాదు, సత్రము గాదు, ఒకరి యిల్లును గాదు. ఎవరైనను వచ్చి విని, ఒప్పుకొనకున్న లేచి ఎదురు చెప్పగల చోటు. అట్టి గది ఊరికొకటి యుండుట ఎంత గొప్ప విషయమో ఇప్పటి మనకు తోచదు.

గ్రంథాలయోద్యమమును ఇట్టిదే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింటిలో ఆరంభమైనది. ఒక గృహస్థుని యిల్లు భాషకు ఇల్లయినది. 1914 ఏప్రిలు 10న బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతను ఆంధ్రదేశపు గ్రంథాలయప్రతినిధుల మొదటి మహాసభ జరిగినది. నేతపనికి పేరుపొందిన వేటపాలెములో 1918లో సారస్వతనికేతనము పుట్టినది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఒక గదిలో పత్రికలు పఱచిన బల్ల, దానిచుట్టును బెంచీలు. ఇంతకంటె ఆడంబరము లేదు. ఆ బెంచీమీద ప్రక్కవానిని జరుగుమని చెప్పి కూర్చుండుటయే ఒక గొప్ప విద్య.

కూర్చుండుటకు చోటున్నను మాట చెల్లకపోవుటయు కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని మందిరమున ధోండో కేశవ కర్వేగారి అధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగెను. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభలోనివారు గేలిచేసి అల్లరి చేసిరి. ఆ రాజ్యమున అధికసంఖ్యాకుల భాష తెలుగే. అయినను ఆ మందిరమున దానికి నిలుచుటకు చోటు లేకపోయెను. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఒక మందిరమున జరిగిన అవమానము ఒక జాతి మేలుకొనుటకు కారణమయ్యెను. మందిరము కట్టినవారు దానిని తలపెట్టి యుండరు; కాని మందిరములో ఎవరి నోరు లేచునో, ఎవరి నోరు మూయబడునో, దానినిబట్టియే దాని పేరు నిలుచును.

ఇప్పుడు మనకు మిగుల సమీపమైన విషయమునకు వచ్చుచున్నాము. కులసంఘములు వసతిగృహములను ఏల కట్టినవి? పూర్వము పట్టణమునకు చదువ వచ్చిన బీద బ్రాహ్మణబాలుడు వారములు చేసికొని చదువుకొనెడివాడు. వారమునకొక్క దినము ఒక్కొక్క యింట భోజనము. తక్కిన కులముల బాలునకు ఆ యాధారము లేదు. అద్దెకు గది యడిగిన కులమడిగిరి. పూటకూళ్లయింటిలో పంక్తి దొరకదు. ఇట్లు తిరిగి యింటికి పోయి నాగలి పట్టినవారెందఱో లెక్క తేలదు. కొల్హాపుర ప్రభువైన శాహూ ఛత్రపతి 1901లో మరాఠా విద్యార్థులకు వసతిగృహమును ఏర్పఱచిరి. పిమ్మట జైనులకు, లింగాయతులకు, ముస్లిములకు, అస్పృశ్యులని త్రోయబడినవారికిని అట్టివి వారి ప్రోత్సాహమున వెలసినవి. మన ప్రాంతమున 1918లో కొత్వాలు వెంకటరామరెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి వసతిగృహము వెలసినది. పల్లెనుండి వచ్చిన రైతుబిడ్డకు నగరమున ఒక మంచము, ఒక దీపము, రెండు పూటల అన్నము దొరకెను. చదువునకు ఇంతకు మించిన పునాది లేదు.

ఆ వసతిగృహ చరిత్రలో మేము మిగుల ఆదరించునది మఱియొకటి. దాని కార్యభారమును వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండపత్రికను స్థాపించిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఎవరో యనగా, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 కవులను చూపిరి. ఆ కవులు ఒక్క కులమువారు గారు. వెంకటరామరెడ్డిగారును తమవారి బాలురతో తృప్తిపడక, నగరమున 1928లో ఆరంభమైన తెలుగు బాలికాపాఠశాలకు మాడపాటి హనుమంతరావుగారితో కూడి తోడ్పడిరి. కులము పేర కట్టిన యింటినుండి ఊరందఱకు పనికివచ్చు పనులు చేయవచ్చునని ఈ యిరువురును నిరూపించిరి.

ఇందులకు రెండవ ప్రక్కయును గలదు. పెద్దలు క్షమించి వినవలెను. మనవారి నడుమనే తిని, మనవారి నడుమనే చదివి, మనవారి నడుమనే నిద్రించిన బాలుడు పట్టము పుచ్చుకొని బయటికి వచ్చునప్పుడు పాత యింటి గడపలన్నిటిని తన మనస్సులో మోసికొనిరావచ్చును. ఒకనాడు మనలను లోనికి రానీయని తలుపును తలంచుకొని మనము కన్నీరు విడిచితిమి. ఆ తలుపు వంటి తలుపునే మనము చేయించి మన గుమ్మమునకు పెట్టుకొన్నచో, ఆ కన్నీటికి అర్థమేమి?

1906లో హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను 1917లో బెజవాడయందు ఆది ఆంధ్రుల మహాసభ జరిగెను. ఊరి వెలుపల నిలుపబడినవారు పట్టణము నడుమ సభ జరిపి, ఈ దేశమునకు తామే ఆదివాసులమని చెప్పుకొనిరి. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను నిషేధించినది. 15వ అధికరణమున దుకాణములు, భోజనశాలలు, నూతులు, చెఱువులు, స్నానఘట్టములు, బాటలు కులమతభేదము లేక అందఱకును తెఱువబడవలెనని శాసించినది. గమనింపుడు: అందలి పట్టికయంతయు కట్టడముల పట్టికయే. స్వాతంత్ర్యమును వ్రాయబూనిన పెద్దలకు నూయి, బాట, గుమ్మము కనబడినవి.

అయినను అద్దెయింటి గడపవఱకు ఆ మాట చేరలేదు. నేడును నగరములలో గదికై తిరుగు యువకుని ఇంటిపేరు విని, తినునదేమో అడిగి, ‘ఇప్పుడే వేఱొకరికి ఇచ్చితిమి’ అని పంపివేయువారు గలరు. పదియంతస్తుల అపార్టుమెంటులలో పనివారు ఈ లిఫ్టు ఎక్కరాదని పలక కట్టినవారు గలరు. పాత యింటిలో పలక యైనను లేదు! చుట్టును గోడ కట్టి గేటువద్ద కావలి పెట్టిన కాలనీలు పెరుగుచున్నవి. అరుగు పోయినది, బాటసారికి దాహమిచ్చు మర్యాదయు దానితో పోయినది. పాతవానిలోని మంచి పోయి చెడ్డ మాత్రము లిఫ్టెక్కినది. ఇట్టి కాలమున మన సంఘము ఒక భవనమును కట్టబోవుచున్నది. కావున ఇది చిన్న విషయము గాదు.

మా సూచనలను క్లుప్తముగా మనవి చేయుదుము.

మొదటిది: వీథివైపున మొదటి గది పఠనమందిరము కావలెను. దాని తలుపు నేరుగా వీథిలోనికే తెఱువబడవలెను. దానికి సభ్యత్వము, కులము, రుసుము అడుగరాదు. వీథిమట్టమునుండి ముసలివారును, నడువలేనివారును రాదగిన ఏటవాలు బాట యుండవలెను.

రెండవది: వసతిగృహము. మనలోని బీదవిద్యార్థులకు అది మొదట ఆశ్రయము కావలెను. ఇందు సందేహము లేదు. కాని నాలుగింట నొక పాలు గదులను ఇతర కులముల బీదపిల్లలకు, అందును పూర్వము ఊరి వెలుపల ఉంచబడినవారి పిల్లలకు ఈయవలెను. గదులు కలిపి ఈయవలెను. వారికొక వరుస, మనవారికొక వరుస పనికిరాదు. భోజనము ఒక్క పంక్తిని జరుగవలెను.

మూడవది: బాలికల వసతిగృహమును ‘పిమ్మట చూతము’ అని ప్రక్కకు నెట్టరాదు. పిమ్మట చూతమన్న మాటలోనే మన యాడపిల్లలు తరతరములు గడిపిరి. రెండు పునాదులును ఒక్కనాడే పడవలెను.

నాలుగవది: కల్యాణమండపము వలదని మేము చెప్పుట లేదు. పై యంతస్తున పెద్ద హాలు కట్టుడు. అందు పెండ్లియు జరుగును, సభయు జరుగును. అద్దె అందఱకు ఒక్కటిగా నుండవలెను. ఆ ఆదాయము వసతిగృహమునకు చెందవలెను. మండపము మాత్రమే కట్టిన యెడల ఆషాఢమున, భాద్రపదమున, పుష్యమాసమున అది తాళము పడి యుండును. పఠనమందిరమునకు శూన్యమాసములు లేవు. దుకాణములు రెండో మూడో చాలును. అవి భవనముఖమును మూసివేయరాదు.

మా డబ్బుతో పైవారికేల యని దాతలలో ఎవరైన అడుగవచ్చును. అడుగుట న్యాయమే, ప్రత్యుత్తరము చెప్పుట మా విధి. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు తమ యింటికి ఆకలితో వచ్చినవారికెల్ల కులము విచారింపక వండి పెట్టిరి. 1909లో ఆమె గతించినది. నేటికిని గోదావరితీరమున అన్నదాతయనగానే ఆమె పేరు చెప్పుదురు. ఆమె బంధువులకు మాత్రమే పెట్టియుండినచో బంధువులే జ్ఞాపకముంచుకొని యుందురు. పెట్టినది ఎంతవఱకు పోయెనో పేరు అంతవఱకు పోవును.

పేరు మాట వచ్చినది గనుక ఇంకొకటి. 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటయందు శివాలయమును కట్టించి శాసనము వేయించెను. లోకము మాత్రము దానిని శిల్పి పేరను రామప్పగుడి యని పిలుచుచున్నది. 2021లో అది ప్రపంచవారసత్వ కట్టడముల పట్టికలో చేరినది. ఫలకముమీద ఎవరి పేరు చెక్కవలెనో దాతలు నిర్ణయింపవచ్చును. ప్రజల నోట ఏ పేరు నిలువవలెనో నిర్ణయించునది ఆ కట్టడము చేసిన మేలే.

మహాశయులారా! రేపు మనము గుమ్మము ఏ దిక్కున ఉంచవలెనో సిద్ధాంతిగారి నడుగుదుము, అడుగవలసినదే. దానితోపాటు ఆ గుమ్మము ఎవరికై తెఱువబడవలెనో మన యంతరాత్మను అడిగి విషయనిర్ణయసభలో ఓటు చేయవలసినదని వేడుకొనుచున్నాము. మన మనుమలు ఆ మెట్లెక్కునప్పుడు తమ ప్రక్కన మెట్లెక్కు బాలుని కులము తెలిసికొననక్కఱలేక, వాని పేరు మాత్రము తెలిసికొని, చేతిలో పుస్తకము మార్చుకొని లోనికి పోవుదురు గాక! అట్టి భవనమునకు ప్రతి దాత యొక్క ప్రతి రూపాయియు పునాదిరాయి యగుగాక!